పసుపు రాసి వదిలిన పండుగప్పలు

నాలుగు వందలకు పైగా పండుగప్పల్ని నా చేతులారా నేనే చంపేశానని నెలల తరబడి నమ్మాను. కత్తితో కాదు, వలతో కాదు. జాగ్రత్తగా పట్టి, కొలిచి, బతకమని సముద్రంలోకి వదిలిపెట్టి మరీ చంపానని. ఇది ఎవరికైనా చెబితే ముందు నవ్వుతారు. చేపను చంపడం కూడా ఒక తప్పేనా, ఆదివారం పులుసులో తినేదేంటి మరి అంటారు. తినడానికి కొన్న చేప వేరు, బతకమని వదిలిన చేప వేరు. ఆ తేడా తెలియడానికి నాకు ఎనిమిది నెలలు పట్టింది.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో సంగతి. కాకినాడలో ఒక మేడ మీది మూడు గదుల్లో మా కంపెనీ ఉండేది. సముద్రంలో చేపలు ఎక్కడి నుంచి ఎక్కడికి పోతున్నాయో, ఎన్నాళ్లకు తిరిగొస్తున్నాయో కనిపెట్టడం మా పని. కంపెనీ అన్నాను కదా అని పెద్దగా ఊహించుకోకండి. మేం నలుగురం, ఒక కంప్యూటరు, ఒక ఫోను, ఎప్పుడూ తడిగా ఉండే నాలుగు నీలం టబ్బులు. వీధిలో వాళ్లు మమ్మల్ని చేపల ఆఫీసు అనేవారు. మొదటి నెలలో ఇద్దరు ముగ్గురు సంచీ పట్టుకుని మెట్లెక్కి వచ్చి, ఇవాళ ఏం చేపలున్నాయండి అని అడిగారు కూడా.

కంపెనీ పెట్టినాయన్ని మేం పెద్దాయన అనుకునేవాళ్లం. ఇంకా బోలెడు సర్వీసుండగానే గవర్నమెంటు ఉద్యోగం వదిలేసి, చేపల వెనకాల పడ్డ మనిషి. అంత మెత్తటి మనిషిని నేను మళ్లీ చూడలేదు. కింద ఇంటి ఓనర్ని, కూరగాయల అమ్మిని, నన్ను, అందర్నీ ఒకేలా అండీ అనేవారు. చివరికి టబ్బులో ఎగిరిపడుతున్న చేపతో కూడా, "కొంచెం ఓర్చుకోండి, అయిపోయింది" అనడం నా చెవులారా విన్నాను.

రెండో మనిషి రామచంద్రపురంలో టీవీ రిపేరు షాపు నడిపినతను. టబ్బుల్లోకి గాలి కొట్టే పంపు పాడైతే బాగుచేయడానికి వచ్చి, అది బాగయ్యాక కూడా వెళ్లలేదు. చేపకు ట్యాగు వేసే తుపాకీ లాంటి పరికరం ఒకటి విదేశాల నుంచి తెప్పించారు. ఉప్పు తగిలి మొదటి వారంలోనే దాని స్ప్రింగు పోయింది. పెద్దాయన తల పట్టుకుని కూర్చుంటే, ఇతను మెయిన్ రోడ్డులో ఒక చీరల కొట్టుకు వెళ్లి, చీరలకు ధర చీటీలు గుచ్చే తుపాకీ అడిగి పట్టుకొచ్చాడు. అచ్చం అదే పని చేసింది. అప్పటి నుంచి ఆఫీసులో మేం అతన్ని ఇంజనీరు గారూ అనేవాళ్లం. సగం వేళాకోళం, సగం నిజం.

మూడో ఆయన మా పడవ సరంగు, కాకినాడ జగన్నాథపురం మనిషి. సముద్రంలో ఎక్కడ లోతుందో, ఎక్కడ బురదుందో కళ్లు మూసుకుని చెప్పేవారు. నాలుగో మనిషిని నేను. జువాలజీలో ఎమ్మెస్సీ చేసి, లెక్చరరు ఉద్యోగం కోసం ఎదురుచూస్తూ ఇందులో పడ్డాను. సామర్లకోట దగ్గర మా ఊళ్లో నాన్నగారు మిషను స్కూల్లో టీచరు, అమ్మ మిషను ఆసుపత్రిలో నర్సు. అమ్మ ఇంజెక్షను చేస్తే చంటిపిల్లలు కూడా ఏడవరని పేరు. ఆమె హస్తవాసి నీకొచ్చిందే అని చుట్టాలంతా అంటుంటే, నేనూ నిజమేననుకునేదాన్ని. కోపం మాత్రం ఎవరి దగ్గర్నుంచి వచ్చిందో ఎవరూ ఒప్పుకునేవారు కాదు.

చేపకు ట్యాగు వేసే పని నాదే. ఉప్పాడకు ఇవతల ఒక చిన్న పల్లె దగ్గర సరంగు పండుగప్పల్ని వలేసి పట్టేవారు. ఒడ్డున టబ్బులో నీళ్లు పోసి, నాలుగు చుక్కలు లవంగనూనె కలిపితే చేప మత్తుగా పడుకునేది. పొడవు కొలిచి, వీపు రెక్క పక్కన చీరలకొట్టు తుపాకీతో టప్పున గుచ్చితే, అగ్గిపుల్లంత పసుపుపచ్చ ప్లాస్టిక్ తీగ వేలాడేది. దాని మీద ఒక నంబరు, మా ఆఫీసు ఫోను నంబరు, అన్నీ ఇంగ్లీషులో. తర్వాత చేపను రెండు చేతుల్లో పట్టుకుని అలల్లో నిలబడాలి. మత్తు దిగి, అది తోకతో నా మణికట్టు మీద ఒక్క దెబ్బ కొట్టిందంటే వదిలేయడమే. ఆ చేప మళ్లీ ఎవరి వలలో పడినా, వాళ్లు ట్యాగు తెచ్చి ఎక్కడ, ఎప్పుడు దొరికిందో చెబితే స్టీలు క్యారేజీ బహుమానం. ఎక్కడ వదిలామో మాకు తెలుసు, ఎక్కడ దొరికిందో వాళ్లు చెబుతారు. ఆ రెంటి మధ్యా చేప చేసిన ప్రయాణమే మా పరిశోధన అంతా.

మొదటి రోజు చేసిన పని గురించి చెప్పాలి. మన వైపు కొత్త సైకిలు కొన్నా నిమ్మకాయ తొక్కించకుండా బయటికి తీయరు. మా ఆఫీసు కంప్యూటరుకే మూడు కుంకుమ బొట్లుండేవి. అలాంటిది సముద్రం మీద పని మొదలుపెడుతూ ఊరికే ఎలా ఉంటారు? సరంగు ఒడ్డున కొబ్బరికాయ కొట్టి, హారతి వెలిగించి, మొదటి చేపకు పసుపు రాసి వదలాలన్నారు. పెద్దాయన చెప్పులు విప్పి, చేతులు కట్టుకుని నిలబడ్డారు. ఇంజనీరూ అంతే. పసుపు ఎవరు రాయాలంటే, పెళ్లికాని ఆడపిల్ల చెయ్యి మంచిదండి అని సరంగు పొట్లం తెచ్చి నా చేతిలో పెట్టారు. మా ఇంట్లో ఇవేం లేవు, ఆదివారం చర్చికి వెళ్తాం అని నోటిదాకా వచ్చింది. అందరూ ఎదురుచూస్తున్నారు, మొదటి రోజు అపశకునంలా ఎందుకని నోరు మూసుకుని రాశాను. అమ్మకు మాత్రం చెప్పలేదు.

ఆ రోజు ఇంకొకటి కూడా జరిగింది. లవంగనూనె ఎంత వేయాలో ఇంకా చేతికి అలవాటు కాలేదు. సీసా వంచితే అరచేతి నిండా పడింది. అదే చేత్తో ముఖం మీద పడ్డ జుట్టు వెనక్కి తోసుకున్నాను. ఇంక చూడండి, రెండు కళ్లూ మంటలు. కన్నీళ్లు ధారలుగా కారిపోతుంటే, తుడుచుకోవడానికి చేతులు ఖాళీ లేక, పసుపు రాసిన చేపను పట్టుకుని మోకాలి లోతు నీళ్లలో నిలబడి, నంబరు మర్చిపోకుండా పైకి గొణుక్కుంటూ దాన్ని వదిలాను. ఒడ్డున ఊళ్లోని ఆడవాళ్లంతా వరసగా నిలబడి చూస్తున్నారు. ఎవరూ నవ్వలేదు. మర్యాదస్తులు అనుకున్నాను.

తర్వాత వారానికి రెండుసార్లు వెళ్లి అదే పని చేశాం. పసుపు మొదటి రోజుతోనే సరి. పెద్దాయన ఆ ఊళ్లో మీటింగు పెట్టి, ట్యాగు గురించి అరగంట వివరంగా చెప్పారు. మగవాళ్లంతా "అలాగేనండి" అన్నారు. గోదావరి జిల్లాల్లో పుట్టి పెరిగి కూడా, ఆ మాటకు అర్థం ఒప్పుకున్నామని కాదు, మీరు చెప్పడం విన్నామని మాత్రమేనని మాకు తట్టకపోవడం మా తెలివితక్కువతనం. వలలు పెట్టుకునే షెడ్డు గోడకు తెలుగులో పెద్ద పోస్టరు అంటించాం. ఆ వర్షాకాలంలో సముద్రం ముందుకొచ్చి షెడ్డుతో సహా ఆ గోడను తీసుకుపోయింది.

ఇక ట్యాగుల కోసం ఎదురుచూడటం మొదలుపెట్టాం. ఫోను మోగితే చాలు నలుగురం లేచేవాళ్లం. గ్యాసు బుకింగా అండి అని ఒకరు, పెళ్లిసంబంధం విషయం అని ఒకరు. నెల గడిచింది, రెండు, మూడు. ట్యాగు ఒక్కటి రాలేదు. బీరువా మీద స్టీలు క్యారేజీలు పెట్టెలు విప్పకుండా అలాగే ఉన్నాయి. నాలుగు చేపలు వదిలి ఒక్కటి దొరకలేదంటే అర్థముంది. నాలుగు వందలు వదిలితే, రోజూ అదే నీళ్లలో వలలు వేసే ఊళ్లున్నప్పుడు, ఒక్కటంటే ఒక్కటి దొరకలేదంటే అవి నీళ్లలో లేవని అర్థం. చచ్చి అడుగున పడ్డాయన్న మాట.

అనుమానం తీర్చుకుందామని రెండు చేపలకు ట్యాగులు వేసి, కింద పెరట్లో సిమెంటు తొట్టిలో ఉంచాం. రెండు వారాలు బాగానే తిరిగాయి. మూడో శనివారం సాయంత్రం మేం వచ్చేసరికి రెండూ తేలి ఉన్నాయి. మధ్యాహ్నం కరెంటు పోయింది, పంపు ఆగిపోయింది, అందుకే పోయాయని ఇంజనీరు ఒట్టేసి చెప్పాడు. నేను చేపను తిప్పి ట్యాగు గుచ్చిన చోట చూశాను. చుట్టూ చిన్న ఎర్రటి వాపు. అది గాయం మానేటప్పుడు వచ్చేదో, కుళ్లేటప్పుడు వచ్చేదో నాకు తెలియలేదు. ఆ రోజు నుంచి నిద్ర పట్టేది కాదు. అన్నం కలుపుకుంటూ నా వేళ్ల వంక చూసుకునేదాన్ని. ఊరికి వెళ్తే అమ్మ నా చేతులు పట్టుకుని, లవంగం వాసనేంటే, పన్నునొప్పా అని అడిగేది. ఆమెకేం చెప్పను?

ఆ ఊళ్లో ఆడవాళ్ల తీరు కూడా నాకు చిరాకు తెప్పించేది. మా టబ్బులన్నీ ఒక ముసలామె ఇంటి అరుగు మీద పెట్టుకునేవాళ్లం. ఆమెది ఎండుచేపల వ్యాపారం. నన్ను టబ్బు మోయనిచ్చేది కాదు, కోడలి చేత మోయించేది. నేను వెళ్లినప్పుడల్లా ముంజలో, తేగలో చేతిలో పెట్టి, "ఇంట్లో అంతా బాగున్నారా అమ్మా, నాన్నగారికి ఒంట్లో బాగుంటుందా" అని ముఖంలోకి చూసి మరీ అడిగేది. ఒకసారి అడిగితే సరే. ప్రతిసారీ అడుగుతుంటే, వీళ్లకు ఎదుటివాళ్ల ఇంటి సంగతులు తప్ప వేరే పనిలేదా అని ముఖం ముడుచుకునేదాన్ని. నేను ముడుచుకునేకొద్దీ ఆమె ఇంకా మెత్తగా మాట్లాడేది.

డిసెంబరు మొదట్లో పెద్దాయన నన్ను గదిలోకి పిలిచారు. ఈ పనికి డబ్బు పెడుతున్నవాళ్లు ఏడాది చివరికి రిపోర్టు అడిగారు. ఒక్క ట్యాగు కూడా రాలేదని రాస్తే పని అక్కడితో సరి. కంపెనీ అంటూ వేరే ఏముంది, ఈ పనే కంపెనీ.

"ఇక ఆపుదామండి," అన్నారాయన. "పరికరం బాగానే ఉంది. ట్యాగూ మంచిదే, వేరే దేశాల్లో వాడుతున్నారు. ఎక్కడ తేడా వచ్చిందో నాకు అంతుపట్టటం లేదండి."

"చెయ్యి మిగిలింది కదండి సార్," అన్నాను. "నా చెయ్యి. ఆ మాట అనేయండి, ఫర్వాలేదు."

"నేనలా అన్లేదండి."

"అనకపోయినా లెక్కలో తేలేది అదే కదండి."

ఆయన తన మంచినీళ్ల గ్లాసు నా ముందుకు జరిపారు. ఆ మెత్తదనమే నాకు భరించలేనిదైంది. తిడితే ఎదురు తిట్టి వచ్చేదాన్ని. తలుపు గట్టిగా వేసి బయటికొచ్చి, రేపు వెళ్లి ఆ టబ్బులు తెచ్చేసి రాజీనామా ఇస్తానని ఇంజనీరుతో చెప్పాను. అతను ఏదో సర్దిచెప్పబోతే అతని మీద కూడా అరిచాను.

మర్నాడు పొద్దున్నే ఆటో మాట్లాడుకుని ఒక్కదాన్నే ఆ ఊరు వెళ్లాను. అలలు రోడ్డు అంచుదాకా వచ్చి రాళ్లను కొడుతున్నాయి. ముసలామె ఎండుచేపల బేరానికి వెళ్లిందట, కోడలు ఒక్కతే ఉంది. పదో తరగతి దాకా చదువుకున్న పిల్ల, నెమ్మదస్తురాలు. టబ్బులు తీసుకుపోతానంటే ఆమె ముఖం చిన్నబోయింది. మంచినీళ్లు ఇస్తాను లోపలికి రండి అంది.

నీళ్లు తాగుతూ గోడ వంక చూశాను. తలుపు పక్కన మేకుకు ఒక తెలుగు క్యాలెండరు, ఏదో రైసుమిల్లు వాళ్లు ఇచ్చింది, వేలాడుతోంది. తిథి, నక్షత్రం, వర్జ్యం ఉండే పెద్ద గళ్ల క్యాలెండరు. కొన్ని గళ్లల్లో మూలన బాల్‌పెన్నుతో నాలుగేసి అంకెలు రాసి ఉన్నాయి. పాల లెక్కేమో అనుకున్నాను. కానీ పాల లెక్క సున్నాతో మొదలవ్వదు.

సున్నా రెండు ఒకటి మూడు. ఆ నంబరు నాకు తెలుసు. నా రిజిస్టర్లో పై పెదవి కాస్త చీలి ఉన్నదని రాసుకున్న చేప అది.

"ఈ నంబర్లేంటమ్మా?" అన్నాను.

ఆ పిల్ల నాలిక కరుచుకుంది. క్యాలెండరుకు అడ్డంగా నిలబడబోయి, మళ్లీ అదీ బాగుండదనుకుందేమో, తల వంచుకుంది. "మా ఆయన చెబితే రాశానండి. మీ చేప వల్లో పడ్డ రోజున."

"నా చేప పడిందా? బతికే ఉందా?"

"ఆయ్. ఎగిరెగిరి పడుతోందంటండి. మావాళ్లు వెంటనే వదిలేశారండి, ఒక్క పొలుసు కూడా ఊడనివ్వలేదు."

నేను గ్లాసు కింద పెట్టి క్యాలెండరు కాగితాలు వెనక్కి తిప్పాను. కార్తీకంలో అయిదు, ఆశ్వయుజంలో నాలుగు, భాద్రపదంలో వర్షాలవల్ల కాబోలు ఒకటే. సున్నా రెండు ఒకటి మూడు ఆషాఢంలో ఒక గడిలో ఉంది, కార్తీక పౌర్ణమి నాలుగు రోజులుందనగా మళ్లీ ఉంది. ఒకే చేప రెండుసార్లు. నేను గుచ్చిన చేప నాలుగు నెలలు సముద్రమంతా తిరిగి, అదే ఊరి నీళ్లలోకి వచ్చింది. నేలమీద కూలబడ్డాను. ఏడ్చానో నవ్వానో ఇప్పటికీ చెప్పలేను. రెండూ ఒకేసారి వచ్చాయి. ఆ పిల్ల భయపడి నా భుజం పట్టుకుంది.

"ఎందుకు వదిలేశారు?" అని అడిగాను ఊపిరి తిరిగాక. "అంత ఖరీదైన చేపని?"

"మొక్కు చేప కదండి," అందా పిల్ల, ఇంత చిన్న విషయం నాకెలా తెలియదన్నట్టు. "ఎలా తింటామండి?"

అంతలో ముసలామె తట్ట దించుకుంటూ వచ్చింది. తర్వాత మొత్తం ఆమె నోట విన్నాను. మొదటి రోజు నేను చేపకు పసుపు రాసి, ఏడుస్తూ, మంత్రం చదువుతూ గంగమ్మకు వదలడం ఊరంతా చూసింది. పెళ్లికాని పిల్ల, చదువుకున్న పిల్ల, అంతలా ఏడుస్తోందంటే ఇంట్లో ఎంత కష్టముందో అనుకున్నారు. తండ్రికి బాగోలేదేమో అన్నారు కొందరు. వెయ్యిన్నొక్క చేపలు వదులుతానని మొక్కుకుందని ఎవరో అన్నారు, అదే స్థిరపడిపోయింది. వెంటొచ్చే పెద్దమనిషి మేనమామ అయ్యుంటాడనుకున్నారు. దేవుడి పేరు చెప్పి అచ్చేసి వదిలిన ఆంబోతు చేలో పడితే ఎవరైనా కొడతారా? ఇదీ అంతే. ఆ పసుపు తీగ కనబడితే చాలు, పడవల్లో మగవాళ్లు చేపను కళ్లకద్దుకుని నీళ్లలో వదిలేవారట. ఈ మాట చుట్టాలున్న ఊళ్లన్నిటికీ పాకి, ఒడ్డు పొడుగునా అదే కట్టుబాటైంది. కోడలేమో, మన ఇంటి చేతుల మీదుగా ఎన్ని బతికాయో తెలియాలని నంబర్లు రాసి పెట్టుకుంది.

"నాకెందుకు చెప్పలేదు పెద్దమ్మా? ఇన్నాళ్ల నుంచి వస్తున్నాను కదా."

"ఒకళ్ల మొక్కు గురించి ఇంకొకళ్లు అడగొచ్చా అమ్మా," అంది ముసలామె. "అడిగితే ఫలితం పోదూ?"

ఊరి మొగలో ఎస్టీడీ బూత్ ఉంది. పరిగెత్తుకుంటూ వెళ్లి ఆఫీసుకు ఫోను చేశాను. పెద్దాయనే ఎత్తారు. నేను గుక్కతిప్పుకోకుండా క్యాలెండరు, మొక్కు, గంగమ్మ అంటూ తలాతోకా లేకుండా చెప్పుకుపోతుంటే ఆయన చాలాసేపు విన్నారు.

"ఒక్క ముక్క చెప్పండమ్మా," అన్నారు చివరికి. "బతికున్నాయాండి?"

"బతికున్నాయి సార్. తిరిగొస్తున్నాయి కూడా."

ఆ తర్వాత ఇంజనీరు చెప్పాడు, పెద్దాయన ఫోను పెట్టేసి, వరండాలోకి వెళ్లి కుళాయి తిప్పుకుని, ముఖం మూడుసార్లు కడుక్కున్నారని. ఆ రోజు నేను తిరుగు ప్రయాణంలో ఆటోలో నిద్రపోయాను. ఎన్ని నెలల తర్వాతో పట్టిన నిద్ర అది. కాకినాడ వచ్చాక డ్రైవరు లేపాడు.

మర్నాడు నలుగురం వెళ్లాం. పెద్దాయన ఆ ఇంట్లో నేలమీద బాసిపట్టు వేసుక్కూర్చుని, క్యాలెండర్లోని ప్రతి నంబరూ, తేదీ, తిథితో సహా ఎత్తి రాసుకున్నారు. క్యాలెండరే ఇస్తారాండి అని అడిగితే, సంవత్సరం అయిపోలేదు కదండి, పండగలు ఎలా చూసుకుంటాం అంది కోడలు. నిజమేనండి, తప్పుగా అడిగాను అన్నారాయన. పక్క ఇళ్ల మగవాళ్లు వచ్చి, నంబర్లు గుర్తులేకపోయినా, ఏ చేప ఏ నీళ్లలో, ఏ గాలి రోజుల్లో దొరికిందో చెప్పడం మొదలెట్టారు. చచ్చిన చేపను అడిగితే ఒక్కసారే చెబుతుంది. వీళ్లు వదిలిన చేప మళ్లీ మళ్లీ దొరికి, మళ్లీ మళ్లీ చెప్పింది. రిపోర్టుకు కావలసినంత దొరికింది. సరంగు మాత్రం ఒక మూల నిలబడి, నేను కొట్టించిన కొబ్బరికాయ ఎంత పని చేసిందండి అని తలపట్టుకున్నారు.

అయితే ఒక చిక్కు మిగిలింది. నాకు మొక్కు లేదని వాళ్లకు చెప్పాలా, వద్దా?

"చెప్పకపోతేనేం సార్," అన్నాను తిరిగొస్తుంటే. "వాళ్లు వదులుతున్నారు, చేపలు బతుకుతున్నాయి, మనకు లెక్కలు వస్తున్నాయి."

పెద్దాయన ఒప్పుకోలేదు. "వాళ్ల నోటి దగ్గర కూడు అదండి. మనకు లేని కష్టం చూసి వాళ్లు వదులుకుంటున్నారు. చెప్పాలండి. చెప్పాల్సింది కూడా మీరేనండి."

ఆయన చెప్పింది నిజమని తెలుసు. అందుకే కోపం వచ్చింది. రెండు రోజులు వాయిదా వేశాను. ఎలా మొదలుపెట్టాలి? ఎనిమిది నెలలు ఊరంతా నన్ను చూసి జాలిపడి, వలలో పడ్డ చేపను వదులుకుంటే, అదంతా ఒట్టిదే, కళ్లల్లో నూనె పడింది అని చెప్పాలి. మోసం చేశావంటారు. టబ్బులు తీసుకుపొమ్మంటారు. ఆ ముసలామె మళ్లీ నా ముఖం చూడదు.

మూడో రోజు పొద్దున వెళ్లాను. పడవలు అప్పుడే ఒడ్డుకొచ్చాయి. ఆడవాళ్లు తట్టలతో గుమిగూడి ఉన్నారు. ముసలామె చేప ఏరుతోంది. ఆమె ముందు ఇసకలో చతికిలబడి, అందరికీ వినబడేలా చెప్పేశాను. నాకు మొక్కులేదని. మేం చర్చికి వెళ్లేవాళ్లమని. ఆ రోజు పసుపు సరంగు రాయమంటే రాశానని, కంట్లో నూనె పడి నీళ్లు కారాయని, గొణుక్కున్నది మంత్రం కాదు నంబరని. చేపలు ఎటు పోతాయో తెలుసుకోవడానికే ఇదంతా చేస్తున్నామని, ఇకమీదట వల్లో పడితే అమ్ముకోవచ్చని, ఆ తీగ ఒక్కటి నాకిస్తే చాలని. మీ అందర్నీ ఇన్నాళ్లు కష్టపెట్టాను, నన్ను క్షమించండి అన్నాను. మాట ముగిసేసరికి తల ఎత్తలేకపోయాను.

ముసలామె చేతిలోని చేపను తట్టలో వేసింది. చేతులు చీర కుచ్చిళ్లకు తుడుచుకుంది.

"నాన్నగారు బాగానే ఉన్నారా?"

"ఉన్నారు పెద్దమ్మా. స్కూలుకు వెళ్తున్నారు."

"అమ్మగారో?"

"బాగుంది."

"మరి నీకు? ఒంట్లో ఏమీ లేదు కదా?"

"నాకేం లేదు. అంతా బాగానే ఉన్నాం."

ఆమె నా ముఖం వంక ఇంకాసేపు చూసింది, అబద్ధమేమో తేల్చుకుందామన్నట్టు. తర్వాత గుండెల మీద చెయ్యి పెట్టుకుని ఊపిరి వదిలింది.

"హమ్మయ్య," అంది. "మా తల్లే. అయితే ఏ కష్టమూ లేదన్న మాట."

ఆ మాట పక్కావిడ అందుకుంది. ఆమె తన వెనకనున్న మనిషికి చెప్పింది. పడవ దగ్గర వల దులుపుతున్న మగవాళ్లు ఏంటని అడిగితే, ఆ పిల్లకు ఏ కష్టమూ లేదంటర్రా, ఇంట్లో అంతా బాగున్నారంట అని ఒకావిడ కేకేసి చెప్పింది. వదులుకున్న చేపల ఊసు ఒక్కరూ ఎత్తలేదు. ఆ కబురు ఒక పడవ నుంచి ఇంకో పడవకు ఒడ్డు పొడుగునా పోవడం, అది చేరిన చోటల్లా మనుషులు తలెత్తి నా వైపు చూసి నవ్వడం నేను అక్కడే ఇసకలో కూర్చుని చూశాను.